రాతిదుమ్ము విధివ్రాత కాదు

రాతిపని చేయువానికి దుమ్ము తప్పదనియు, దుమ్ము తినువానికి దగ్గు తప్పదనియు, తెలివిగలవాడు మూతికి దస్తీ చుట్టుకొని తన జాగ్రత్త తాను చూచుకొనవలయుననియు నల్లగొండ, పాలమూరు సీమలలో ఒక అభిప్రాయము బలముగా వేళ్ళూనియున్నది. గుత్తేదారు నోటను, ఇల్లు కట్టించుకొను గృహస్థు నోటను, చదువుకొన్న ఇంజనీరు నోటను, తుదకు దగ్గుచు కూర్చున్న కూలివాని నోటను కూడ ఈ మాట ఒకే తీరున వినవచ్చుచున్నది. ఇందరు ఏకకంఠముగా పలుకునది సత్యమే యై యుండునని తోచుట సహజము. కాని ఈ అభిప్రాయము శాస్త్రమునకు విరుద్ధము, న్యాయమునకు విరుద్ధము, మన సీమ స్వయముగా అనుభవించి నేర్చిన పాఠమునకు సైతము విరుద్ధము. ధూళి పనికి సహజధర్మము కాదు. పని జరిపించు పద్ధతివలన పుట్టునది. ఆ పద్ధతిని నిర్ణయించువాడెవ్వడో ధూళికి బాధ్యుడును వాడే. దీనిని నిరూపించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ అభిప్రాయమునకు మొదటి ఆధారము పూర్వుల దృష్టాంతము. "మా తాతలు బండలు కొట్టలేదా? వాళ్లకేమయింది?" అని అడుగువారు పనిచోట్ల ఎందరో కలరు. ఈ గడ్డపై రాతిపని పురాతనమైనదే. వడ్డెరలు తరతరములుగా సమ్మెటయు ఉలియు చేతబట్టి గుట్టలను చీల్చి కోటలకు, గుడులకు, బావులకు రాయినిచ్చిరి. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరము రాతికట్టడముగా లేచి నిలుచుటకు అట్టి చేతులే కారణము. అయినను ఆ తాతలకేమియు కాలేదని చెప్పుటకు మనకు గల ఆధారమేమి? వారి ఊపిరితిత్తులను పరీక్షించినవారు లేరు, వారు ఏ వయస్సున ఏ రోగముతో మరణించిరో వ్రాసి ఉంచినవారు లేరు. ముసలితనము వరకు బ్రదికిన తాత కన్నులయెదుట కనిపించును. నలువది యేండ్లకే క్షయయని పేరుపెట్టుకొని పోయినవాడు సాక్ష్యము చెప్పుటకు రాడు. బ్రదికినవారిని మాత్రమే లెక్కించి ప్రమాదము లేదని తేల్చుట తర్కము కాజాలదు.

పూర్వులకు నిజముగా ఏ హానియు కలుగలేదనియే ఒప్పుకొందము. అప్పటికిని ఆ దృష్టాంతము నేటి పనికి వర్తింపదు. ఉలిదెబ్బకు రాయి పెచ్చులుగా లేచును. ఆ పెచ్చులలో అధికభాగము బరువైనదగుటచే అక్కడనే నేలపై రాలును. ఆ పనియు బహుశః ఆరుబయట సాగెడిది. ఇప్పుడు చేతనున్న కటింగ్ మిషన్ రాతిని పెచ్చులు లేపదు, పిండిచేయును. వంటయింటి గట్టునకు వాడు గ్రానైటు బండ మందము సుమారు 18 మిల్లీమీటర్లు. కోత వెడల్పు 2 మిల్లీమీటర్లు. ఒక్క మీటరు పొడవున కోసినచో 36 ఘన సెంటీమీటర్ల రాయి, అనగా సుమారు 95 గ్రాములు, పూర్తిగా ధూళియై పోవును. నల్లరాళ్ళలో స్ఫటికము, అనగా ఊపిరికి ముప్పైన సిలికా, తక్కువైనను, బూడిదవన్నె, గులాబివన్నె గ్రానైటులలో అది ఇంచుమించు నాలుగవ వంతు ఉండును; కావున ఒక్క మీటరు కోతకు 20 గ్రాములకు పైగా స్ఫటికధూళి పుట్టుచున్నది. అమెరికా దేశము 2016లో పనిచోట ఇట్టి సన్నని ధూళికి విధించిన హద్దు ఘనమీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. ఎనిమిది గంటల పనిలో మనుష్యుడు దాదాపు పది ఘనమీటర్ల గాలి పీల్చుననుకొన్నచో దినమంతటికిని హద్దు అర మిల్లీగ్రాము. పుట్టిన స్ఫటికధూళిలో నూరింట ఒక్క పాలు మాత్రమే ఊపిరితిత్తుల లోతునకు చేరగల సన్నని పొడియనుకొన్నను, అది 200 మిల్లీగ్రాములు. అనగా నాలుగువందల మందికి ఒక దినపు హద్దు. అదంతయు కిటికీలు ఇంకను తెరువని క్రొత్త ఇంటి వంటగదిలో, సింకునకు రంధ్రము కోయుచు వంగి కూర్చున్న ఒక్క మనుష్యుని ముఖమునకు జానెడు దూరమున లేచుచున్నది. తాతల సమ్మెటకును దీనికిని పోలికయెక్కడ?

"దుమ్ముకు ఒళ్లు అలవాటైతది" అనుట రెండవ మాట. దేహము ఎండకు, బరువునకు, ఆకలికి సైతము కొంతవరకు అలవడునేమో గాని స్ఫటికధూళికి అలవడదు. తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. ప్రాణాంతకమైన రేణువు అయిదు మైక్రానులకు లోబడినది. ముక్కులోని వెండ్రుకలు, గొంతులోని చీమిడి దానిని ఆపజాలవు. ఒక మైక్రాను ప్రమాణము గల రేణువు నిశ్చలమైన గాలిలో మనుష్యుని ఎత్తునుండి నేలకు దిగుటకు గంటలు పట్టును గనుక, మిషన్ ఆగి దుమ్ము అణగినట్లు కనిపించిన పిమ్మట కూడ గదిలోని గాలి విషపూరితమే. ఈ రేణువు ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తులను చేరినపుడు, దేహమును కాచు కణములు దానిని మ్రింగి, జీర్ణించుకొనలేక తామే చచ్చును. చచ్చుచు వెలువరించు ద్రవములవలన అచ్చట మచ్చకట్టును. వదలిన రేణువును మరియొక కణము మ్రింగును. మచ్చలు గడ్డలై, గడ్డలు కలసి, మెత్తని ఊపిరితిత్తి బిరుసెక్కును. దీనినే సిలికోసిస్ అందురు. దీనిని మాన్పు మందు లేదు. పని మానిన తరువాత కూడ ఇది పెరుగుచునే యుండవచ్చును. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్ఫటికధూళిని మానవులలో క్యాన్సరు కలిగించునని నిర్ధారణయైన పదార్థముల వర్గమున చేర్చినది. రంపపుపొట్టును 1995లోనే చేర్చియుండెను గనుక మిషను రంపములతో తలుపులు కోయు వడ్రంగులును ఈ హెచ్చరికకు వెలుపలివారు కారు. మొదటి యేడు వచ్చిన దగ్గు రెండవ యేట తగ్గినదని సంతోషించు కూలివాడు తనకు అలవాటైనదనుకొనుచున్నాడు. గొంతు హెచ్చరించుట మానినంత మాత్రమున లోపలి హాని ఆగినట్లు కాదు.

ఇక దస్తీ మాట. నూలుగుడ్డ పోగుల నడుమ సందులు ఈ రేణువులకు రాజమార్గములు. గుడ్డపై తెల్లగా నిలిచిన దుమ్మును చూపి అది పనిచేసినదని మురియుదురు గాని, నిలిచినది హానిలేని లావు దుమ్ము, లోనికి పోయినది ప్రాణము తీయు సన్నపు దుమ్ము. అంతకన్న ఘోరమైన విషయమొకటి కలదు. మెడకు మూతికి చుట్టిన తువ్వాల కొంగు వ్రేలాడి తిరుగుచున్న ఇరుసుకు చుట్టుకొన్నచో మిషన్ ముఖముమీదికే వచ్చును. నాలుగంగుళాల బ్లేడు నిమిషమునకు 11,000 చుట్లు తిరుగునపుడు దాని అంచు గంటకు 200 కిలోమీటర్లను మించిన వేగముతో పోవుచుండును. ఈ వేగమును ఎరిగియే తయారుచేసినవారు దానికి రేకు గార్డును, పక్కపిడిని అమర్చిరి. పెద్ద బ్లేడు పట్టుటకై గార్డును ఊడదీయుట, రాతిబ్లేడు స్థానమున పండ్లున్న కర్రబ్లేడును బిగించుట మనవారు నేర్పరితనముగా భావించుచున్నారు. తక్కువ వేగమునకు తయారైన పెద్ద బ్లేడు ఎక్కువ వేగమున పగిలినపుడు ముక్కలు నేర్పరిని, నేర్పులేనివానిని వేరు చేసి చూడవు. అనుభవము చేతికి స్థైర్యమునిచ్చును. పగిలిన బ్లేడును ఆపు శక్తి అనుభవమునకు లేదు, గార్డుకు కలదు.

బెల్లము తిన్నచో దుమ్ము దిగిపోవునని నమ్మువారును, యజమాని బెల్లము పంచినచో తన ధర్మము తీరినదని తలచువారును కలరు. ఈ నమ్మకమును వట్టి మూఢత్వమని త్రోసివేయను. లక్నోలోని పారిశ్రామిక విషశాస్త్ర కేంద్ర పరిశోధకులు బెల్లము తిన్న ఎలుకల ఊపిరితిత్తులనుండి ధూళి కొంత త్వరగా తొలగినదని 1994లో ప్రకటించియే యున్నారు. కాని ఎలుకలలో కనిపించిన స్వల్పఫలమును పట్టుకొని, దినదినము హద్దును ఎన్నో రెట్లు మించిన ధూళి పీల్చు మనుష్యునకు అభయమిచ్చుట శాస్త్రము కాదు. తిన్న బెల్లము అన్నవాహికలో పోవును, పీల్చిన దుమ్ము శ్వాసనాళములో పోవును. కూలివానికి బెల్లము పెట్టుట మంచిదే. దానిని ధూళిని అణచు ఏర్పాటునకు బదులుగా పెట్టుట మాత్రము అన్యాయము.

ఇంతవరకు ఖండించినవి అజ్ఞానమువలన పుట్టిన మాటలు. ఇప్పుడు చెప్పబోవునది స్వార్థమువలన పుట్టినది, కావుననే మరింత బలమైనది. "మాస్కులిచ్చినాము, వాళ్లే పెట్టుకోరు" అని యజమానులు పలుకుదురు, అధికారులు తలయూపుదురు, చదువరులు సైతము కూలివాని అజ్ఞానమునకు చింతించి ఊరకుందురు. మాస్కు పనికిరానిదని నేననను. ధూళికి తగిన ప్రమాణము గలది, ముఖమునకు సందులేకుండ అమరినది, ఎప్పటికప్పుడు మార్చబడునది యైనచో అది మేలు చేయును. అయితే వైశాఖపు ఎండలో, గాలియాడని గదిలో, బరువులెత్తుచు ఎనిమిది గంటలు దానిని బిగించుకొని యుండుమని ఆజ్ఞాపించువారు ఒక్కపూట తాము పెట్టుకొని చూడవలయును. గడ్డము పెరిగినచో అది అమరదు, చెమటకు తడిసినచో ఊపిరాడదు. తక్కిన ఉపాయములన్నియు చేసిన పిమ్మట మిగిలిన కొలదిపాటి ధూళికి మాస్కు తుది కాపు. దానినే మొదటి కాపుగాను, ఏకైక కాపుగాను నిలుపుట బాధ్యతను యజమాని భుజమునుండి కూలివాని ముఖముపైకి మార్చుట తప్ప వేరు కాదు.

ఇది నా సొంత సిద్ధాంతము కాదు. 1948లో మన దేశము చేసికొన్న ఫ్యాక్టరీల చట్టము పదునాలుగవ సెక్షనులో, ధూళి పుట్టు చోటికి సాధ్యమైనంత సమీపముననే దానిని లాగివేయు ఏర్పాటు ఉండవలయునని స్పష్టముగా విధించియుండెను. పుట్టిన చోటనే పట్టుమని చట్టము చెప్పినది. పుట్టించి గదినిండ వ్యాపింపజేసి, ఆ పిమ్మట పీల్చువానినే జాగ్రత్తపడుమని చెప్పలేదు. బ్లేడు ఏది, నీరున్నదా లేదా, గదిలో కోయవలయునా బయట కోయవలయునా, ఎన్ని మీటర్లు ఏ గడువులో ముగియవలయును అను ప్రశ్నలలో ఒక్కటియైనను కూలివాడు నిర్ణయించునది కాదు. నిర్ణయాధికారము లేనివానిపై దోషము మోపుట ఏ ధర్మశాస్త్రమును సమ్మతింపని పని. అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో 1930లో హాక్స్‌నెస్ట్ సొరంగమును స్ఫటికము మిక్కుటముగా గల రాతిలో నీరు వాడక పొడిగా తొలిచిరి. పనికై వలసవచ్చిన నల్లజాతి కూలీలు వందల సంఖ్యలో చనిపోయిరి. కొందరు ఏడాది రెండేండ్లలోనే మరణించిరి. ముప్పది యేండ్లకు గాని రాని జబ్బని ధైర్యము చెప్పువారు ఈ చరిత్రను చదువవలయును. ఆ కూలీల అజాగ్రత్త ఏమున్నది? తొలిచెడి మరకు నీరు పెట్టకుండుట వారి నిర్ణయమా?

ఖర్చు అధికమనుట మరియొక సాకు. రాతిధూళికి పరమశత్రువు నీరు. కోతపై సన్నని ధారగా నీరు పడుచున్నచో ధూళి లేవక బురదయై జారును. గాలిలోని సన్నపు పొడి పదింట తొమ్మిది పాళ్ళు తగ్గును. బ్లేడు చల్లబడి ఎక్కువ దినములు మన్నును. ఇందు ఒక జాగ్రత్త మాత్రము అవశ్యము. సాధారణపు కరెంటు మిషనుపై చెంబుతో నీరు పోయుట ప్రాణముతో చెలగాటము. తడికోతకై తయారైన మిషనే వాడవలయును, ఎర్తింగు సరిగా నుండవలయును, లీకైన కరెంటును 30 మిల్లీయాంపియర్లకే త్రుంచివేయు బ్రేకరు గుండ లైను తీయవలయును. నీరు పనికిరాని చోట, అనగా కరెంటు పైపుల కొరకు గోడలకు గాడులు కొట్టునపుడు, బ్లేడు చుట్టు తొడుగు బిగించి, సన్నపు ఫిల్టరు గల వ్యాక్యూముతో పుట్టిన దుమ్మును పుట్టినట్లే లాగవచ్చును. చీపురుతో పొడిగా ఊడ్చుట మాని తడిపి ఎత్తవచ్చును. కొలతలు ముందుగానే తీసి బండలను బయట, షెడ్డులో తడికోత కోయించి తెప్పించుకొనవచ్చును. లక్షలు పోసి ఇల్లు కట్టించుకొను గృహస్థునకు ఇది భారమా? "నీళ్లు పోస్తే బురదయితది, టైం పడ్తది" అనువారు తుడిచిన పోవు బురదను, తుడువరాని మచ్చను ఒక్క త్రాసున తూచుచున్నారు.

"ఇక్కడ అంత మంది రోగులెక్కడున్నారు?" అనునది తుది వాదము, వినుటకు బలముగా కనిపించునది కూడ. రోగులు కనబడకుండుటకు రెండు కారణములు కలవు. మొదటిది క్షయ. స్ఫటికధూళి చేరిన ఊపిరితిత్తికి క్షయ సోకు ప్రమాదము అనేక రెట్లు హెచ్చు. ఎక్స్‌రేలో మచ్చలును కొంత పోలియుండును. కావున దగ్గుచు వచ్చిన రాతికూలీకి క్షయమందులిచ్చి పంపుట జరుగుచున్నది. నీ వృత్తి యేమని రోగిని తప్పక అడుగుమని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే వైద్యలోకమునకు బోధించెను. ఆ ఒక్క ప్రశ్న మన ఆసుపత్రి చీటీలలో నేటికిని చోటు సంపాదింపలేదు. సిలికోసిస్ కనుగొన్న వైద్యుడు ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి తెలుపవలయునని 1948 చట్టము ఎనుబదితొమ్మిదవ సెక్షను విధించినది. అడుగనివానికి కనబడదు, కనబడనిదానిని తెలుపుట జరుగదు, తెలియనిదానిని లేదనుకొందురు.

రెండవది వలస. పాలమూరు లేబరు లేక దేశమున ఏ ఆనకట్ట లేచినది, ఏ కాలువ పారినది? ముంబయి, పుణె, బెంగుళూరు నగరములలో కంకర, కాంక్రీటు పనులలో యౌవనమును వెచ్చించి, ఆయాసముతో ఊరికి తిరిగివచ్చినవానికి తన దుమ్ము ఏ గుత్తేదారుదో చూపుటకు చీటీ ముక్కయైనను ఉండదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ ప్రాంతముల ఆదివాసులు గుజరాత్ పలుగురాతి మిల్లులలో పనిచేసి ఇంటికి వచ్చి చనిపోయినపుడు ఈ చిక్కే ఏర్పడినది. అయినను వ్యవహారము సుప్రీంకోర్టు వరకు నడచి, 238 మంది మృతుల కుటుంబములకు తలకు మూడేసి లక్షల రూపాయలు గుజరాత్ ప్రభుత్వమే చెల్లింపవలయునని 2016 మే 4న ఆదేశము వెలువడినది. 2019లో రాజస్థాన్ ప్రభుత్వము రోగనిర్ధారణ జరుగగానే మూడు లక్షలు, మరణానంతరము కుటుంబమునకు రెండు లక్షలు ఇచ్చు విధానమును ప్రకటించినది. అచ్చటి రాతికి గల విషము ఇచ్చటి రాతికి లేదా? ఒకప్పటి పాలమూరు జిల్లాకు చెందిన షాద్‌నగర్, కొత్తూరు పరిసరములలో పొడిచేయబడు పలుగురాయి ఇంచుమించు నూటికి నూరుపాళ్ళు స్ఫటికమే. గుజరాత్‌లో ప్రాణములు తీసినదియు ఆ పలుగురాయియే.

హానిని మూలముననే అరికట్టవలయునను ఈ విషయము నల్లగొండకు ఇతరులు బోధింపవలసిన అవసరమే లేదు. ఈ జిల్లా గ్రానైటులోని ఫ్లోరైడు బావినీటిలో కరగి, తరతరముల పండ్లను పచ్చజేసి, ఎముకలను వంచినది. తెలుగునాట నెల్లూరు ప్రాంతమున ఈ రోగమును పరిశోధకులు 1937లోనే వర్ణించిరి. 1970 దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నములతో నీటిని శుద్ధిచేయు పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టినది. ఇంటింట బకెట్టులో పటిక కలుపుకొనుమను ఆ మార్గము శాస్త్రసమ్మతమే. కాని నిత్యజీవితమున ప్రతి గృహిణియు ప్రతిదినము తప్పక చేయవలసిన రక్షణ నిలువలేదు. తుదకు నీటి మూలమునే మార్చవలసి వచ్చినది; కృష్ణాజలమును గొట్టములలో గ్రామములకు తేవలసి వచ్చినది; 2015 జూన్ 8న మిషన్ భగీరథ త్రాగునీటి పథకమునకు చౌటుప్పల్‌లో పైలాన్ లేచినది. ఏ రాయి నీటిద్వారా ఎముకలలోనికి చొచ్చినదో ఆ రాయియే నేడు గాలిద్వారా ఊపిరితిత్తులలోనికి చొచ్చుచున్నది. నీటి విషయమున త్రాగువానిని నిందించుట మాని మూలమును మార్చినవారు, గాలి విషయమున మాత్రము పీల్చువానిని నిందించుచుండుట ఏమి న్యాయము?

చేయవలసినవి అసాధ్యములు కావు. ధూళిని లాగు ఏర్పాటు లేని పొడికోతను పనిచోట్ల నిషేధింపవలయును. ప్రతి మిల్లులోను ధూళిని కొలిచి, ఆ కొలతను కూలీలకు తెలియునట్లు తెలుగులో గోడకు వ్రేలాడదీయవలయును. నిర్మాణ వ్యయముపై నూటికి రూపాయి చొప్పున వసూలగు సెస్సునుండి రాతికూలీలకు, మిల్లు కూలీలకు ఏటేట ఛాతీ ఎక్స్‌రే తీయింపవలయును. సిలికోసిస్ తేలినవానికి రాజస్థాన్ వలె పరిహారమును హక్కుగా ఈయవలయును. ఇవి ప్రభుత్వము చేయవలసినవి. గృహస్థు చేయవలసినది ఇంకను సులభము: గ్రానైటు బేరము కుదుర్చుకొనునాడే, కోత తడికోతయే కావలయునని, మిషన్లకు గార్డులుండవలయునని, అందులకగు అదనపు రూపాయి తానిచ్చునని మేస్త్రీతో ఒప్పందము చేసికొనుట. గుత్తేదారు పోటీలో నిలువలేననుచున్నాడు; అందరికిని ఒకే నిబంధన యైనపుడు ఎవ్వరును ఓడరు.

ధూళి తప్పదని చెప్పువాడు తాను చేయగలిగి చేయని పనికి ప్రకృతిని సాక్షిగా పిలుచుచున్నాడు. నీటిధారకు, వ్యాక్యూమునకు, రేకు గార్డుకు లొంగు వస్తువును విధియని పిలుచుట ఇకనైన మానవలయును. మన ఇంటి గట్టు నునుపునకు మరియొకని ఊపిరి వెలగా చెల్లకూడదని కోరుట దయ కాదు, కూలి లెక్కలో మనము ఇంతవరకు ఎగవేసిన బాకీని తీర్చుట.